దూరశ్రవణము

పగటివేళ మూగవోయిన దూరదేశములు రాత్రి పలుకును. ఇది కవికల్పన కాదు. మీడియం వేవు రేడియోతో పరిచయమున్న వారందరికిని అనుభవములోని విషయమే. మధ్యాహ్నము రేడియో ముల్లును ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పి చూచినచో సమీపమునందలి రెండు మూడు కేంద్రములు మాత్రమే వినబడును. తక్కిన తావులందు ఒట్టి బుసబుస. ప్రొద్దుగ్రుంకిన గంటకు పెట్టె అదే, ముల్లు అదే. కాని కదలించిన చోటనెల్ల ఏదో యొక భాష, ఏదో యొక పాట. ఒక గొంతుపై మరియొక గొంతు ఎక్కి, రెండును కలసి మునిగి, మరల ఒకటి తేలును. ఆ సంతగోలలోనుండి ఒక్క గొంతును ఏరి పట్టుకొని, అది ఏ దేశపు ఏ ఊరి కేంద్రమో నిర్ధారించి, తేదీతోను వేళతోను పుస్తకమున వ్రాసికొనెడు వారు ప్రపంచమున పలుతావుల కలరు. ఆ అభిరుచికి ఆంగ్లమున డీఎక్సింగ్ అని పేరు. డీఎక్స్ అనునది దూరమును సూచించుటకు పూర్వము తంతివారు వాడిన సంక్షేపము. తెలుగున దీనిని దూరశ్రవణమనవచ్చును.

ఇది పనిలేనివారి పని యని కొందరు తలంపవచ్చును. చేతిలోని ఫోనుపై వ్రేలు మోపినంతనే లండను రేడియోయు టోక్యో రేడియోయు ఏ గరగరయు లేక వినబడుచున్న కాలమిది. ఇట్టి కాలమున నడిరేయి మేల్కొని, గరగరలో చెవి పెట్టి, అర్థము కాని భాషలో రెండు మాటలు పట్టుకొని సంబరపడుటలో ప్రయోజనమేమి? ప్రశ్న న్యాయమైనదే. వార్తలకొరకో పాటలకొరకో వినువాడు ఫోనునే ఆశ్రయించుట మేలు. కాని ఈ అభిరుచి విలువ వినబడిన పాటలో లేదు. విన్నదానికి సాక్ష్యము పలుకు పద్ధతిలో కలదు. నిజముగా విన్నదేది, విన్నట్లు తోచినదేది, వినవలెనని కోరుకొన్నదేది అను మూడింటిని వేరుచేయుటయే దీని సారము. చెవిని పడిన ప్రతి మాటను మరుక్షణమే పదిమందికి పంపు అలవాటు ప్రబలిన ఈ దినములలో విద్యార్థులకు ఇంతకంటె కావలసిన శిక్షణ అరుదు.

ముందుగా రాత్రికి ఈ మహిమ ఎట్లు కలిగెనో చూడవలెను. మీడియం వేవు కేంద్రమునుండి బయలుదేరిన తరంగము రెండు త్రోవల పోవును. ఒకటి నేలను అంటిపెట్టుకొని పోయి, కొన్ని వందల కిలోమీటర్ల లోపల క్షీణించును. రెండవది ఆకాశమునకు ఎగయును. భూమికి సుమారు 60 కిలోమీటర్ల యెత్తునుండి పైకి, సూర్యుని అతినీలలోహిత కిరణములును ఎక్స్ కిరణములును వాయుకణములను తాకి వానినుండి ఎలక్ట్రానులను విడదీయును. ఇట్లు విద్యుద్భరితమైన పొరల సముదాయమే అయనావరణము. దీని అట్టడుగు పొరకు డి-పొర యని పేరు. ఇది 60 నుండి 90 కిలోమీటర్ల యెత్తున నుండును. పై పొరలకంటె అచ్చట గాలి సాంద్రమైనది. అందుచే తరంగము కదలించిన ఎలక్ట్రానులు వాయుకణములను ఢీకొని, తరంగశక్తిని వేడిగా మార్చివేయును. కావుననే పగలు ఆకాశమునకు ఎగసిన మీడియం వేవు తరంగము తిరిగి రాదు.

సూర్యుడస్తమించినంతనే డి-పొర త్వరత్వరగా క్షీణించిపోవును. దానిపైన 100 కిలోమీటర్ల ప్రాంతమున నున్న ఇ-పొరయు, ఇంకను పైన 250 కిలోమీటర్లు దాటి యున్న ఎఫ్-పొరయు రాత్రియందును కొంత నిలిచియుండును. అడ్డు తొలగిన తరంగము వానివరకు పోయి, వంగి, నేలకు దిగివచ్చును. నేలనో సముద్రమునో తాకి మరల ఎగయును. ఇట్లు గంతులు వేయుచు వేల కిలోమీటర్లు పోగలదు. ఉప్పునీరు విద్యుత్తును బాగుగా ప్రసరింపజేయునది గనుక సముద్రముమీది ప్రయాణమున నష్టము తక్కువ. పై పొరలు నిశ్చలమైన అద్దములు కావు. అవి క్షణక్షణమును మారుచుండును. అందువలననే దూరపు గొంతు ఒక నిమిషము ప్రక్కగదిలో నున్నట్లు పలికి, మరు నిమిషమున మునిగిపోవును.

ఈ రహస్యము తెలియకముందే దూరశ్రవణ చరిత్ర మొదలైనది. అది ఒక సందేహముతో మొదలగుట గమనింపదగినది. 1901 డిసెంబరు 12వ తేదీన, నేటి కెనడా తూర్పు కొసనున్న న్యూఫౌండ్లాండు ద్వీపమున, సిగ్నల్ హిల్ అను కొండపై మార్కోని వినుటకు కూర్చుండెను. గాలిపటమునకు కట్టిన తీగయే అతని ఏరియలు. అట్లాంటిక్ సముద్రమున కావల, సుమారు 3,500 కిలోమీటర్ల దూరమున, ఇంగ్లండులోని పోల్డూనుండి మోర్సు సంకేతమున ఎస్ అను అక్షరము, అనగా మూడు చుక్కలు, మాటిమాటికిని పంపబడుచుండెను. ఆ మూడు చుక్కలు తనకును తన సహాయకుడైన కెంపుకును వినబడినవని మార్కోని ప్రకటించెను. లోకము జేకొట్టెను. కాని ఆ సంకేతము కాగితముపై ముద్రింపబడలేదు; బయటి సాక్షి లేడు; వినబడవలసినది ఏదో విన్నవారికి ముందే తెలియును. పైగా అది పట్టపగలు. తరువాత తెలిసిన శాస్త్రమును బట్టి చూచినచో ఆ వేళ ఆ తరంగము అంతదూరము దాటుట మిక్కిలి కష్టము. అతడు నిజముగా వినెనా, వాతావరణపు చిటపటలలో మూడు చుక్కలను ఊహించుకొనెనా అను వాదము నేటికిని తీరలేదు.

మార్కోని గొప్పతనము ఆ తరువాతి పనిలో కానవచ్చును. సంశయమునకు సమాధానము మాటలతో గాక ప్రయోగముతో చెప్పెను. 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా అను ఓడలో ఇంగ్లండునుండి అమెరికాకు పోవుచు, పోల్డూ సంకేతములను యంత్రముచే కాగితపు పట్టీపై ముద్రింపజేసెను. ఓడ కెప్టెను దానికి సాక్షి. పగలు 700 మైళ్లు దాటిన పిదప సంకేతము అందలేదు; రాత్రి 2,000 మైళ్లకు పైగా అందెను. పగటికిని రాత్రికిని గల భేదము లిఖితపూర్వకముగా లోకమునకు తెలిసినది ఇట్లే. చెవిని మాత్రము నమ్మిన 1901 నాటి ప్రయోగము వివాదమున మిగిలినది. సాక్ష్యముతో చేసిన 1902 నాటి ప్రయోగము శాస్త్రమున నిలిచినది.

వృత్తిగా గాక అభిరుచిచే రేడియోను చేపట్టినవారును ఈ పాఠమును నేర్చుకొనిరి. అమెరికా ఔత్సాహికుల సంకేతములను అట్లాంటిక్ కీవల పట్టుకొనుటకు 1921 ఆరంభమున జరిగిన ప్రయత్నము విఫలమైనది. ఆ యేడు డిసెంబరున అమెరికన్ రేడియో రిలే లీగు పాల్ గాడ్లీ అను నిపుణుని స్కాట్లండునకు పంపెను. ఆర్డ్రోసన్ అను సముద్రతీరపు ఊరిలో, పొలమున డేరా వేసికొని, నేలకు కొద్ది యెత్తున సుమారు 400 మీటర్ల తీగను చాచి, అతడు చలిలో రాత్రులు జాగరము చేసెను. హెరాల్డ్ బెవరేజ్ రూపొందించిన ఆ పొడవుతీగ ఏరియలును దూరశ్రోతలు నేటికిని ఆయన పేరుతోనే పిలుచుచున్నారు. కనెక్టికట్ రాష్ట్రములోని గ్రీనిచ్ అను ఊరినుండి, సుమారు 230 మీటర్ల తరంగముపై, ఔత్సాహికులు పంపిన పూర్తి సందేశమును గాడ్లీ వ్రాసికొనెను. ఆ డేరాలో మార్కోని కంపెనీ ఇన్‌స్పెక్టరు ఒకరు సాక్షిగా నుండెను. వినబడినది మూడు చుక్కలు కాదు, ముందుగా తెలియని మాటలు. వినినవాడు ఒంటరి కాడు. అందుచే గాడ్లీ వినికిడికి మార్కోని వినికిడికి పట్టిన గతి పట్టలేదు.

తరంగమును త్రిప్పిపంపు పొర ఒకటి ఆకాశమున నుండవలెనని 1902లో అమెరికాలో కెనెల్లీయు, ఇంగ్లండులో హెవిసైడును వేర్వేరుగా ఊహించిరి. 1924 డిసెంబరున ఆపిల్టన్, బార్నెట్ అనువారు దానిని ప్రయోగముచే రుజువు చేసిరి. వారు వాడినది బోర్న్‌మతులోని బి.బి.సి. ప్రసారకేంద్రమునే. అర్ధరాత్రి కార్యక్రమములు ముగిసిన పిదప దాని ఫ్రీక్వెన్సీని కొద్దికొద్దిగా మార్పించుచు, ఆక్స్‌ఫర్డున సంకేతపు హెచ్చుతగ్గులను లెక్కించి, పొర యెత్తు సుమారు 100 కిలోమీటర్లని తేల్చిరి. ఆపిల్టనునకు 1947లో నోబెల్ బహుమానము లభించెను. అదే సంవత్సరమున, కలకత్తాలో ఈ పరిశోధనను నెలకొల్పిన శిశిరకుమార మిత్ర ఊర్ధ్వవాతావరణముపై వ్రాసిన ఉద్గ్రంథము వెలువడెను. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్య బి. రామచంద్రరావు నాయకత్వమున అయనావరణ పరిశోధన సాగెను. సామాన్యశ్రోత విసుగుకొనెడు ఆ హెచ్చుతగ్గులే శాస్త్రజ్ఞునికి కొలబద్ద అయినవి.

ప్రసారములు మొదలైన తొలినాళ్లలో దూరశ్రవణము కొద్దిమంది వ్యసనము కాదు, శ్రోతలందరి ఉత్సాహము. 1920 నవంబరు 2న పిట్స్‌బర్గులోని కె.డి.కె.ఎ. కేంద్రము అధ్యక్ష ఎన్నికల ఫలితములను ప్రసారము చేసిన పిదప రెండు మూడేండ్లలో అమెరికాయందు వందలకొలది కేంద్రములు వెలసినవి. ఊరి కేంద్రము పలుకుచుండగా దూరపు కేంద్రము వినబడుట కష్టము. కావున కొన్ని నగరములలో వారమునకొక రాత్రి స్థానిక కేంద్రములు మౌనము పాటించెడివి. చికాగోలో అది సోమవారము. పొరుగూరి పాటను తన ఊరివారు వినుటకు తన పాటను ఆపుకొనిన మర్యాద అది. నేటి వ్యాపారప్రసారములకు ఊహకైనను అందదు. 1924లో ఎక్కో అను కంపెనీ తపాలాబిళ్లల వంటి బిళ్లలను ముద్రించెను. శ్రోత తాను విన్నదానిని వివరముగా వ్రాసి, పది సెంట్ల నాణెముతో పంపినచో, కేంద్రమువారు సరిచూచి ఆ బిళ్లను పంపెడివారు. తరువాత 1933లో అమెరికాలో నేషనల్ రేడియో క్లబ్బును, 1954లో ఇంగ్లండులో మీడియం వేవ్ సర్కిలును స్థాపింపబడినవి.

వినుటలోని కష్టమును కొంత తెలిసికొనవలెను. ఆసియా, ఐరోపా, ఆఫ్రికా ఖండములలోను ఆస్ట్రేలియాలోను మీడియం వేవు కేంద్రములు 531 నుండి 1602 కిలోహెర్ట్జులవరకు తొమ్మిదేసి కిలోహెర్ట్జుల ఎడముతో నుండవలెనని 1975లో జెనీవాలో ఒడంబడిక జరిగి, 1978 నవంబరులో అమలునకు వచ్చెను. అనగా చోట్లు 120 మాత్రమే. విజయవాడకు కేటాయించిన 837, హైదరాబాదునకు 738, విశాఖపట్నమునకు 927, కడపకు 900, చెన్నైకి 720 - ఏ సంఖ్యను తీసికొన్నను తొమ్మిదిచే నిశ్శేషముగా భాగింపబడును. లెక్కల ఉపాధ్యాయులకు ఇదియొక చక్కని ఉదాహరణము. అమెరికా ఖండములలో ఎడము పది కిలోహెర్ట్జులు. ఇన్ని ఖండముల కేంద్రములు ఈ కొద్ది చోట్లలోనే ఒదిగియుండవలెను గనుక రాత్రివేళ ఒక్కొక్క చోట నాలుగైదు గొంతులు పోటీపడును.

ఈ కలగాపులగములో శ్రోత మొదట భాషను గుర్తింపవలెను. అర్థము తెలియనక్కరలేదు, నడక తెలిసిన చాలును. తమిళపు నడక వేరు, కన్నడపు నడక వేరు, ఒడియా నడక వేరు, సింహళపు నడక వేరు. తరువాత వార్తలవేళ, గంటల మ్రోత, సంగీతపు బాణీ, ప్రకటనలలో దొర్లిన ఊరిపేరు - వీనిలో ఏది దొరకునా యని కాచుకొనవలెను. అమెరికా కేంద్రములు గంటగంటకు తమ పేరు చెప్పవలెనని అచ్చటి నిబంధన. కావున గంట కొట్టుసరికి శ్రోత ఊపిరి బిగబట్టి కూర్చుండును. తరచుగా ఆ పేరు పలుకు క్షణముననే గొంతు మునిగిపోవును. మరల తేలుసరికి పాట సాగుచుండును. ఇంకొక గంట వేచియుండవలెను. లేదా మరుసటి రాత్రి మరల ప్రయత్నింపవలెను.

అవధానసభలను చూచిన తెలుగువారికి ఈ శ్రద్ధ క్రొత్తది కాదు. పృచ్ఛకుల ప్రశ్నల నడుమ పద్యమును నడపుచు, అప్పుడప్పుడు మ్రోగిన గంటల లెక్కను తప్పక చెప్పెడు అవధాని చెవి ఎట్టిదో, వలయు ధ్వనిని నిలుపుకొని తక్కినదానిని తొలగించు దూరశ్రోత చెవియు అట్టిదే. రెండును అభ్యాసమున కుదురునవి. పాఠశాలలలో చదువుట నేర్పుదురు, వ్రాయుట నేర్పుదురు, మాటాడుట కొంత నేర్పుదురు. వినుట మాత్రము దానంతట అదే వచ్చునని విడిచిపెట్టుదురు. శ్రవణము, మననము, నిదిధ్యాసనము అని పెద్దలు చదువునకు మూడు మెట్లు చెప్పిరి. మొదటి మెట్టే లేకున్న పై మెట్లకు పోవుట యెట్లు?

విన్న తరువాత నివేదిక వ్రాయవలెను. అందు తేదీ, విశ్వకాలమున వేళ, ఫ్రీక్వెన్సీ, వినిన తావు, వాడిన రేడియో, ఏరియలు, విన్న అంశములు క్రమముగా నుండవలెను. భారతకాలమునుండి ఐదున్నర గంటలు తీసివేసినచో విశ్వకాలము వచ్చును. ధ్వనిబలము, ఇతర కేంద్రముల అడ్డు, గరగర, ఆకాశమార్గపు ఒడుదుడుకులు, మొత్తముమీద శ్రావ్యత అను ఐదింటికి ఒకటినుండి ఐదువరకు మార్కులు వేయు పద్ధతి కలదు. దానికి సిన్‌పో అని పేరు. కేంద్రమువారు ఈ నివేదికను తమ కార్యక్రమ పుస్తకముతో సరిపోల్చి, సరియైనచో క్యూ.ఎస్.ఎల్. అను ధ్రువీకరణ కార్డును పంపుదురు. ఆకాశవాణియు ఇట్టి కార్డులు పంపిన సంస్థలలో ఒకటి. ప్రసారము చాల బాగున్నదను పొగడ్తకు ఇచ్చట విలువ లేదు. ఇన్ని గంటల ఇన్ని నిమిషములకు స్త్రీకంఠమున వార్తలు, పిమ్మట వేణువు, పిమ్మట ఫలానా ఊరి పేరు అని వ్రాసినదే సాక్ష్యము.

ఈ అభిరుచిలో మిక్కిలి గౌరవింపదగిన ఆచారము వేరొకటి కలదు. మంచి శ్రోతల పట్టికలలో కొన్ని పంక్తుల చివర సందిగ్ధము అని యుండును; మరికొన్ని పంక్తులలో కేంద్రపు పేరు ఉండవలసిన చోట గుర్తింపబడలేదని యుండును. మూడు రాత్రులు మేల్కొనియు పేరు వినలేకపోయినచో ఆ మాటయే వ్రాయుదురు. తర్కశాస్త్రము చదివినవారు ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అని ప్రమాణములను వేరుచేసి చూపుదురు. శ్రోత చెవియార విన్న పేరు ప్రత్యక్షము. ఈ చోట, ఈ భాషలో, ఇంత శక్తిగల కేంద్రము ఒక్కటే గనుక ఇది అదే యైయుండవలెననుట అనుమానము. కేంద్రమువారు పంపిన కార్డు ఆప్తవాక్యము. మూడింటికిని విలువ కలదు. కాని ఒకదానిని మరియొకదానిగా చూపరాదు. నడిరేయి ఒంటరిగా వినెడు వానిని పరీక్షించువారు లేరు. కార్యక్రమముల పట్టికను ఎచ్చటనో చూచి నివేదిక కల్పించినచో కార్డు రాకపోదు. అయినను అట్లు చేయకుండుటయే ఈ ఆటకు ఏకైక నియమము. ఎవరును చూడనప్పుడు పాటింపబడెడు నియమమే నిజమైన శిక్షణ.

దీనికొరకు మనుష్యులు పడు శ్రమ విస్మయము గొలుపును. ఫిన్లండు ఉత్తరపు కొసనున్న ఇనారి ప్రాంతమునకును, నార్వేలోని కాంగ్స్‌ఫ్యోర్డుకును శీతకాలమున దూరశ్రోతలు యాత్ర పోవుదురు. ఉత్తరధ్రువమునకు సమీపమగుటచే అచ్చట నడి శీతకాలమున కొన్ని వారములు సూర్యుడుదయింపడు. అనగా డి-పొర అడ్డు పగలును అంతగా నుండదు. కొయ్యయిండ్లలో బసచేసి, మంచులో ఒక కిలోమీటరు పొడవు తీగలు పరచి, పసిఫిక్ తీరపు చిన్నచిన్న అమెరికా కేంద్రములను వారు వినుచుందురు. ఆ కేంద్రములలో కొన్ని తమ జిల్లా దాటి వినబడుదుమని తామే యెరుగనివి.

తెలుగువారికి ఇంతదూరము పోవలసిన పని లేదు. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారములతోను, 1935లో హైదరాబాదున దక్కన్ రేడియోతోను, 1938లో మద్రాసు ఆకాశవాణితోను, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రముతోను తెలుగునాట రేడియో వినికిడి పెరిగెను. 1963లో కడప, విశాఖపట్నము కేంద్రములు వచ్చినవి. మీటర్లను కిలోహెర్ట్జులను చదివి కార్యక్రమము మొదలిడు ప్రకటనలు రెండు మూడు తరముల చెవులలో నిలిచియున్నవి. సెకనుకు 3,00,000 కిలోమీటర్ల వేగమును 837 కిలోహెర్ట్జులచే భాగించినచో విజయవాడవారి 358.4 మీటర్లు వచ్చుననునది భౌతికశాస్త్రపు తరగతిలో చేయింపదగిన లెక్క. విశాఖతీరమునకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున, నడుమ ఒట్టి సముద్రమే యుండి, అండమానులోని పోర్ట్ బ్లెయర్ కేంద్రము కలదు. దానికి కేటాయించినది 684 కిలోహెర్ట్జులు. తూర్పుతీరపు విద్యార్థికి అది తగిన తొలిలక్ష్యము.

1988లో నాగపురమున 1,000 కిలోవాట్ల కేంద్రముతో ఆకాశవాణి జాతీయ ప్రసారము మొదలయ్యెను. 1566 కిలోహెర్ట్జులపై రాత్రియెల్ల సాగిన ఆ ప్రసారము ఈ దేశపు రాత్రిబస్సుల డ్రైవర్లకును, కావలివారికిని తోడైయుండుటయే గాక, ఐరోపాయందలి దూరశ్రోతల పుస్తకములకును ఎక్కెను. 2019 ఆరంభమున జాతీయ ప్రసారము నిలిపివేయబడినది.

విచారింపవలసిన విషయము ఇచ్చటనే కలదు. మీడియం వేవు క్రమముగా మూగవోవుచున్నది. ఐర్లండు జాతీయ రేడియో 2008లోను, జర్మనీ, ఫ్రాన్సు దేశముల ప్రభుత్వ రేడియోలు 2015 కడపటను, ఇటలీ రేడియో 2022 సెప్టెంబరులోను మీడియం వేవు ప్రసారములను ముగించినవి. 2024 ఏప్రిలులో బి.బి.సి. నాల్గవ రేడియో దీనిని విడిచెను. కారణములు స్పష్టమే. 1,000 కిలోవాట్ల కేంద్రము గంటకు వేయి యూనిట్లకు మించిన విద్యుత్తును కాల్చును, ఎఫ్.ఎం.యందును ఇంటర్నెట్టుయందును ధ్వని ఇంతకంటె నిర్మలము. మిగిలిన కేంద్రములను వినుటకును అడ్డులు పెరిగినవి. ఎల్.ఇ.డి. దీపములు, ఫోను ఛార్జర్లు, కంప్యూటర్లు వెదజల్లు విద్యుత్ గరగర ఊళ్లను కప్పివేసినది. భారతదేశమున పలు మీడియం వేవు కేంద్రములను డిజిటల్ పద్ధతికి అనువుగా మార్చిరి. ఆ డిజిటల్ సంకేతము పాత పెట్టెకు ఒట్టి బుసగా మాత్రమే వినబడును.

ఖర్చును చూపి మూయువారి వాదమును తేలికగా త్రోసిపుచ్చరాదు. అయినను లెక్కలో చేరని లాభమొకటి కలదు. 2005 ఆగస్టున కత్రినా తుపాను న్యూ ఆర్లియన్సు నగరమును ముంచినప్పుడు అచ్చటి డబ్ల్యు.డబ్ల్యు.ఎల్. కేంద్రము 870 కిలోహెర్ట్జులపై పలుకుచునే యుండెను. సమీపపు ఫోను స్తంభములు కూలినను దూరపు మీడియం వేవు కేంద్రము కూలదు. బ్యాటరీ పెట్టె దానిని వినగలదు. తుపానులకు పుట్టినిల్లయిన బంగాళాఖాతపు ఒడ్డున నివసించువారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. కొన్ని కేంద్రములనైనను ఈ పనికొరకు నిలుపుకొనుట వివేకము.

నేటి సాధనములు ఈ అభిరుచిని చంపివేసినవనుటయు సరికాదు. కంప్యూటరుకు తగిలించెడు చిన్న రిసీవరు మీడియం వేవు పట్టీ నంతటిని ఒక్కసారిగా రికార్డు చేయగలదు. గంట కొట్టు వేళ వచ్చిన పేర్లను శ్రోత మరునాడు తీరికగా వెదకికొనవచ్చును. వేరొక దేశమునందలి రిసీవరును ఇంటర్నెట్టు ద్వారా ఇంటినుండియే త్రిప్పవచ్చును. ఇందు దోషము లేదు. ఆ రిసీవరు ఉన్న ఊరు ఏదో నివేదికలో వ్రాసినంతవరకు. ఆ ఒక్క మాట దాచినచో వినికిడి అబద్ధమగును. యంత్రము మారినను నియమము మారలేదు.

కావున ఉపాధ్యాయులు చేయదగిన పని యొకటి కలదు. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. అటకపై మూలబడిన ట్రాన్సిస్టరు ఒకటియు, బ్యాటరీలును, ఒక నోటుపుస్తకమును చాలును. దీపములకును ఛార్జర్లకును దూరముగా మేడపైననో పొలముగట్టుననో కూర్చుండి, ప్రొద్దుగ్రుంకుటకు గంట ముందునుండి గంట తరువాతవరకు, పావుగంట కొకసారి ముల్లును ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పి, వినబడిన కేంద్రముల సంఖ్యను విద్యార్థులు వ్రాయవలెను. నెలదినములు వ్రాసిన అంకెలను గళ్లకాగితముపై గీసినచో, కంటికి కానరాని డి-పొర కరగిపోవుట ఆ గీతలో కానవచ్చును. రేడియోను పీటపై నిలువున పెట్టి మెల్లగా త్రిప్పినచో ఒక దిక్కున ధ్వని తగ్గును. లోపలి ఫెర్రైటు కడ్డీ కొస కేంద్రమువైపు తిరిగినప్పుడు అట్లగును. పగటివేళ సమీప కేంద్రముతో ఇది పరీక్షింపవచ్చును. రెండు ఊళ్ల పాఠశాలలు ఇట్లు కనుగొనిన దిక్కులను పటముపై గీసినచో, ఆ రేఖలు కలసిన తావున కేంద్రముండును.

భాషోపాధ్యాయునకును ఇందు పాలు కలదు. విన్నది విన్నట్లు వ్రాయుట, తోచినదానిని తోచినట్లు అని చెప్పి వ్రాయుట, తెలియనిచో తెలియలేదని వ్రాయుట - ఈ మూడును వ్యాసరచనకు మొదటి పాఠములు. ఏ కేంద్రమును పట్టలేకపోయిన విద్యార్థి పుస్తకములో గుర్తింపబడలేదని నిజాయితీగా వ్రాసిన పంక్తికి, పది కేంద్రముల పేర్లు ఊహించి వ్రాసిన పుటకంటె ఎక్కువ మార్కులు వేయగలిగిన ఉపాధ్యాయుడు ఆ తరగతికి గొప్ప మేలు చేసినవాడగును.

మీడియం వేవు ఎన్నాళ్లు పలుకునో నిర్ణయించునది పాఠశాల కాదు. ఇప్పటికి అది ఇంకను పలుకుచున్నది. అర్ధరాత్రి గరగరలో ఒక అపరిచిత కంఠము తేలి, తన ఊరి పేరు చెప్పబోయి మునిగిపోయినప్పుడు, తొందరపడి పేరు పెట్టక, మరల తేలువరకు వేచియుండు ఓర్పు కలిగిన విద్యార్థులు కొందరైనను ఈ తరమున తయారైనచో, కేంద్రములు మూతపడిన పిదపను ఆ విద్య వారివద్ద నిలిచియుండును. తరువాతి జీవితమున వారు వినబోవు సమస్తవార్తలకును అది పనికివచ్చును.